క్రైమ్ పేజీనా, హెల్త్ పేజీనా

ఫిలడెల్ఫియాలో కెన్సింగ్టన్ అవెన్యూ అని ఒక రోడ్డుంది. పైన రైలు వంతెన, కింద మూతపడ్డ షాపుల షట్టర్లు, ఆ షట్టర్ల ముందు నడుము దగ్గర సగానికి వంగిపోయి, నిలబడే నిద్రపోతున్నట్టుండే మనుషులు. అమెరికా మొహం చూడని తెలుగువాళ్ళు కూడా పేరు తెలియకపోయినా ఈ రోడ్డును చూసే ఉంటారు. కారులో మెల్లగా వెళ్తూ తీసిన ఆ వీడియోలు యూట్యూబులో తెగ తిరిగాయి, 2023 ప్రాంతంలో మన సైట్లు కూడా ఆ బొమ్మలే పెట్టి ‘జాంబీ డ్రగ్’ అని హెడ్డింగులు వేశాయి. మెక్సికో ప్రభుత్వమైతే అక్కడి దృశ్యాలనే మత్తుమందుల వ్యతిరేక ప్రచారానికి వాడుకుంది. ఆ జాంబీ డ్రగ్ అసలు పేరు జైలజీన్. పశువుల డాక్టర్లు వాడే మత్తుమందు అది, అప్పట్లో దాన్ని ఫెంటనిల్ అనే, హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు బలమైన మత్తుమందులో కలిపి అమ్మారు. వీడియోలో ఇవేమీ ఉండవు. ఆ మనిషి ఇదివరకు ఏ పని చేసేవాడో, మొదటి మాత్ర ఏ డాక్టరు చీటీ మీద వచ్చిందో, ఆ పేటలో ఫ్యాక్టరీలు ఎప్పుడు మూతపడ్డాయో ఉండదు. వంగిపోయిన మనిషి ఉంటాడు, అంతే.

అమెరికాలో మత్తు వార్త గత 40 ఏళ్ళుగా ఎలా నడిచిందో కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే, మందు ఏమిటన్నదాని కంటే వాడేది ఎవరన్నదాన్ని బట్టే ఆ వార్త ఏ పేజీలో పడాలో తేలిపోయినట్టు కనిపిస్తుంది. క్రైమ్ పేజీ వార్త అయితే రిపోర్టర్ ముందుగా ఫోన్ చేసేది పోలీసులకి. హెల్త్ పేజీ వార్త అయితే డాక్టరుకి, కొడుకును పోగొట్టుకున్న తల్లికి. ఎవరు ఫోనెత్తితే వాళ్ళ మాటే మర్నాటి వార్త. దీని వెనక పెద్ద కుట్రేమీ అక్కర్లేదు. సాయంత్రం లోపు స్టోరీ ఇవ్వాల్సిన మనిషికి చేతికందే నంబరు ఎవరిదన్నదే చాలావరకు కథను నడిపిస్తుంది. కానీ ఆ చిన్న అలవాటు మీద చట్టాలు లేచాయి, జైళ్ళు నిండాయి.

1980లతో మొదలుపెడదాం. కొకైన్ పొడిని వంటసోడా, నీళ్ళు కలిపి కాస్తే గట్టిపడి చిన్న చిన్న గడ్డలవుతుంది, దాన్ని కాల్చి పీలుస్తారు. అదే క్రాక్. లోపలి రసాయనం రెండింటిలో ఒకటే, తేడా అల్లా మత్తు ఎంత వేగంగా ఎక్కుతుంది, ఎంత చవకగా దొరుకుతుంది అన్నదే. పొడి ఖరీదైనది, డబ్బున్నవాళ్ళ పార్టీల సరుకు. క్రాక్ గడ్డ చిల్లర డబ్బులకి వీధి మలుపులో దొరికేది, అది కూడా ముఖ్యంగా నల్లజాతివాళ్ళు ఉండే పేదపేటల్లో. 1986 జూన్‌లో లెన్ బయస్ అనే 22 ఏళ్ళ బాస్కెట్‌బాల్ ఆటగాడు, బోస్టన్ సెల్టిక్స్ జట్టు అతన్ని ఎంచుకున్న రెండు రోజులకే కొకైన్ వల్ల చనిపోయాడు. అతను తీసుకున్నది పొడి. కానీ ఆ రోజుల్లో ఊపులో ఉన్న మాట క్రాక్, అతని చావూ ఆ ఖాతాలోనే పడింది. నాలుగు నెలలు తిరగకుండానే కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేసింది, అక్టోబరులో ప్రెసిడెంటు రీగన్ సంతకం పెట్టాడు. 500 గ్రాముల పొడి అమ్మితే పడే అయిదేళ్ళ తప్పనిసరి శిక్ష, క్రాక్ అయితే 5 గ్రాములకే. ఒకటికి వంద. ఈ నిష్పత్తిని ఏ శాస్త్రమూ చెప్పలేదు. ఎన్నికలు నెత్తిమీద ఉన్నాయి, టీవీలో రోజూ అదే గోల నడుస్తోంది, అంతకుమించి ఆధారమేదీ వెతకలేదు. దాన్ని ఒకటికి పద్దెనిమిదికి తగ్గించడానికి 2010 దాకా ఆగాల్సి వచ్చింది. సమానం మాత్రం అప్పుడు కూడా చెయ్యలేదు!

ఆ వార్తలు ఎలా తయారయ్యేవో తెలియాలంటే 1989 సెప్టెంబరు 5 రాత్రి టీవీ ప్రసంగం చాలు. ప్రెసిడెంటు పెద్ద బుష్ తన ఆఫీసులో బల్ల దగ్గర కూర్చుని ఒక ప్లాస్టిక్ సంచి పైకెత్తి చూపించాడు. లోపల క్రాక్. వైట్ హౌస్‌కి ఎదురుగా రోడ్డవతల ఉన్న పార్కులో మొన్నీమధ్యే పట్టుకున్నదని చెప్పాడు. ప్రెసిడెంటు గుమ్మం ముందే అమ్ముతున్నారంటే ఇక దేశం గతేమిటని చూసినవాళ్ళు బెంబేలెత్తిపోరా మరి. సుమారు రెండు వారాలకు వాషింగ్టన్ పోస్ట్ అసలు సంగతి బయటపెట్టింది. ఆ పార్కులో అలాంటి బేరాలు నడిచే అలవాటే లేదు. ప్రసంగంలో చూపించడానికి బాగుంటుందని, మఫ్టీలో ఉన్న ఏజెంట్లే 18 ఏళ్ళ ఒక హైస్కూల్ కుర్రాడిని పనిగట్టుకుని అక్కడికి రప్పించారు. పాపం ఆ కుర్రాడికి చోటు కూడా తెలియదు, వైట్ హౌస్ ఎక్కడుందని ఏజెంటునే అడిగాడు, చెప్పాక రీగన్ ఉండేదేనా అన్నాడు. రీగన్ దిగిపోయి అప్పటికి ఏడు నెలలు దాటింది. ప్రసంగం చేసింది ఏమో బుష్. పార్కు బేరం మీద జ్యూరీలు ఏమీ తేల్చలేకపోయినా, వేరే అమ్మకాల కేసుల్లో ఆ కుర్రాడికి పదేళ్ళు పడ్డాయి.

ఇక్కడ చూడాల్సింది ఆ రెండు వారాలు. సంచి ప్రసంగం దేశమంతా ఒకేసారి చూసింది, దాని వెనక నాటకాన్ని పేపరు చదివేవాళ్ళు చదివారు. అదే సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్, సీబీఎస్ టీవీ కలిసి చేసిన సర్వేలో దేశం ముందున్న అతిపెద్ద సమస్య మత్తుమందులే అన్నవాళ్ళు 64 శాతం. దిద్దుబాటు ఎప్పుడొచ్చినా మొదటి బొమ్మ వెనకే, కుంటుకుంటూ వస్తుంది.

ఆ తరహా బొమ్మను నమ్మడానికి పత్రికలు ఎంత సిద్ధంగా ఉండేవంటే, అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1980లో, అదే వాషింగ్టన్ పోస్ట్ ఎనిమిదేళ్ళ పిల్లవాడు హెరాయిన్‌కి బానిసయ్యాడని మొదటి పేజీలో పెద్ద కథనం వేసింది. పోలీసులు ఊరంతా గాలించారు, పిల్లవాడు దొరకలేదు. మేయరు ఆ కుర్రాడు మాకు తెలుసన్నట్టే మొదట మాట్లాడాడు. కథనానికి 1981లో అమెరికా జర్నలిజంలో అన్నిటికంటే పెద్దదనే పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. తీరా చూస్తే ఆ పిల్లవాడే లేడు, రాసినావిడ కల్పించింది. బహుమతి వెనక్కిచ్చేశారు. ఒక రిపోర్టర్ అబద్ధం రాసిందని ఈ ఉదంతాన్ని జర్నలిజం క్లాసుల్లో చెబుతుంటారు, బాగానే ఉంది, కానీ అంతమంది ఎడిటర్ల చేతుల మీదుగా వెళ్ళిన కథకు ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదన్నదే అసలు ప్రశ్న. ఆ పేటల్లో అలాగే ఉంటుందని వాళ్ళు ముందే అనుకుని కూర్చున్నారు.

‘క్రాక్ బేబీలు’ కూడా అలాంటి నమ్మకమే, కాకపోతే దీనికి శాస్త్రం ముద్ర పడింది. 1985లో ఒక వైద్య పత్రికలో కొకైన్ వాడిన 23 మంది గర్భిణుల మీద చిన్న అధ్యయనం వచ్చింది. ఇది తొలి సమాచారం మాత్రమే, ఇంకా పరిశీలించాలి అన్న ధోరణిలో రాసిన పేపరది. పత్రికల్లోకీ టీవీలోకీ వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎగిరిపోయింది. వణుకుతున్న పసికందు బొమ్మ, వెనక ఇంక్యుబేటర్ చప్పుడు, వీళ్ళు రేపు బడికెళ్తే పాఠాలెక్కవు, పెద్దయితే నేరస్తులవుతారు అని గంభీరమైన గొంతు. పుట్టుకతోనే తక్కువ రకం మనుషుల తరం ఒకటి తయారవుతోందని పేరున్న కాలమిస్టులే రాశారు. తల్లుల మీద కేసులు పెట్టారు, పిల్లల్ని తీసుకుపోయారు.

అదే ఫిలడెల్ఫియాలో, ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టర్ హాలమ్ హర్ట్ 1989 నుంచి 1992 మధ్య పుట్టిన 224 మంది పిల్లల్ని లెక్కలోకి తీసుకుంది. సగం మంది తల్లులు కొకైన్ వాడినవాళ్ళు, సగం మంది వాడనివాళ్ళు, అందరూ పేదవాళ్ళే, దాదాపు అందరూ నల్లజాతివాళ్ళే. ఆ పిల్లల్ని రెండు దశాబ్దాలకు పైగా వదలకుండా చూస్తూ వచ్చారు. నాలుగేళ్ళ వయసులో ఐక్యూ పరీక్ష పెడితే కొకైన్ సోకిన పిల్లల సగటు 79, సోకనివాళ్ళది 81.9. రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు జట్లూ మామూలు సగటు కంటే మాత్రం బాగా కిందున్నాయి. మరి దెబ్బ ఎక్కడ తగిలింది? ఏడేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లల్లో 74 శాతం మంది తుపాకీ చప్పుళ్ళు విన్నారు, 35 శాతం మంది మనిషిని కాల్చడం కళ్ళారా చూశారు, 19 శాతం మంది బయట శవాన్ని చూశారు. పేదరికం కొకైన్ కంటే గట్టిగా కొట్టిందని అధ్యయనం తేల్చింది. ఈ ముగింపు వచ్చేనాటికి ఆ పిల్లలు ఇరవైల్లోకి వచ్చేశారు. వణికే పసికందుకు దొరికిన ప్రైమ్‌టైమ్‌లో పావలా వంతు కూడా దీనికి దొరకలేదు. పేదరికం వార్త ఎలా అవుతుంది చెప్పండి, అది నిన్నా ఉంది, రేపూ ఉంటుంది.

ఇక రెండో కథ. 1980 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి అచ్చయింది. పరిశోధనా వ్యాసం కాదు, ఎడిటరుకు రాసిన ఉత్తరం. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నల్లమందు జాతి మందులు ఇచ్చిన 11,882 మంది రికార్డులు చూస్తే కొత్తగా అలవాటు పడ్డవాళ్ళు నలుగురే కనిపించారని అందులో ఉంది. ఆసుపత్రి మంచం మీద, నర్సు చేతి మీదుగా, కొద్ది రోజులు తీసుకున్నవాళ్ళ లెక్క అది. 1996లో పర్డ్యూ ఫార్మా కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నల్లమందు జాతి నొప్పి మాత్రను మార్కెట్లోకి తెచ్చాక ఆ లెక్కే, ఇంటికి సీసా తీసుకెళ్ళి నెలల తరబడి మింగేవాళ్ళకీ వర్తిస్తుందన్నట్టు, ‘అలవాటయ్యేది ఒక శాతం కంటే తక్కువ మందికే’ అంటూ సేల్స్ రెప్‌ల నోట్లో నలిగింది. ఆ ఉత్తరాన్ని వైద్య సాహిత్యంలో 608 సార్లు ప్రస్తావించారని, చాలామంది అది ఆసుపత్రి లెక్కేనన్న సంగతే చెప్పలేదని 2017లో అదే పత్రిక వేసింది. 37 ఏళ్ళు పట్టింది.

మాత్రలు ముందుగా కమ్ముకున్నది వెస్ట్ వర్జీనియా, కెంటకీ, వర్జీనియా కొండ ప్రాంతాలను. బొగ్గు గనులు, కలప పనులు, నడుము నొప్పి లేని ఇల్లు ఉండదు. 2000 దాటాక అక్కడ జనం పోతున్నారన్న వార్తలు బయటికి రావడం మొదలైంది. ఇక్కడ ఒక సంగతి మర్చిపోకూడదు, ఈ జనమూ తెల్లవాళ్ళే. అయినా జాలి దొరకలేదు. ఆక్సీకాంటిన్‌కి మీడియా తగిలించిన ముద్దుపేరు ‘హిల్‌బిల్లీ హెరాయిన్’, అంటే కొండమొద్దుల హెరాయిన్ అన్నమాట. నల్లవాళ్ళని ఒకలా, తెల్లవాళ్ళని ఒకలా చూశారని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళు ఈ చోట తడబడతారు. రంగుతో పాటు డబ్బు కూడా ఉంది ఇందులో. మాత్ర మింగినవాడు పేదవాడైనంత కాలం అది అలవాటుపడ్డవాడి తప్పే. 2001లో కంపెనీ పెద్ద రిచర్డ్ సాక్లర్ రాసిన ఈమెయిల్ చాలా ఏళ్ళ తర్వాత కోర్టు కాగితాల్లో బయటపడింది. అలవాటుపడ్డవాళ్ళే దోషులు, వాళ్ళనే అన్ని వైపుల నుంచీ బాదాలన్నది దాని సారాంశం. కంపెనీకి ఆ బాదుడుకు కొత్తగా మాటలు వెతుక్కోవాల్సిన పని పడలేదు, క్రాక్ రోజుల మాటలు తయారుగానే ఉన్నాయి.

2003లో ఆర్లాండో పేపరొకటి ఎదురు తిరిగి, డాక్టరు చీటీతో వాడి అనుకోకుండా బానిసలైన మామూలు మనుషుల గురించి వరస కథనాలు వేసింది. అందులో ముఖ్యంగా చూపించిన మనిషికి ముందునుంచే మత్తు చరిత్ర ఉందని తర్వాత తేలింది. పేపరు దిద్దుబాటు వేసుకుంది, రిపోర్టర్ రాజీనామా చేసింది. కంపెనీకి పండగే. విషయం మొత్తంగా నిజమే, కానీ అమాయకుడి మొహమే కావాలన్న పట్టుదల కథను ముంచింది. నిష్కళంకమైన బాధితుడు దొరికితే తప్ప జాలి పుట్టదని మీడియా తనకు తానే పెట్టుకున్న షరతు ఇది, ఇప్పటికీ పోలేదు. పర్డ్యూ 2007లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుని, ముగ్గురు పెద్ద అధికారులతో కలిపి 63 కోట్ల 45 లక్షల డాలర్లు కట్టింది. ఎవరూ జైలుకి వెళ్ళలేదు. 5 గ్రాములకు అయిదేళ్ళ చట్టం అప్పటికింకా అమల్లోనే ఉంది.

గాలి మారింది 2010 తర్వాత. ఆ ఏడాది ఆక్సీకాంటిన్‌ను నలిపి పీల్చడానికి వీల్లేకుండా మార్చారు, అప్పటికే అలవాటైనవాళ్ళు చాలామంది చవకగా దొరికే హెరాయిన్‌కి మళ్ళారు. దాంతో హెరాయిన్ ఒహాయో, న్యూ హాంప్‌షైర్ సబర్బుల్లో, పెద్ద లాన్లున్న ఇళ్ళల్లోకి వచ్చింది. ఫుట్‌బాల్ ఆడుతూ మోకాలు విరిగిన కొడుకు, జ్ఞానదంతం తీయించుకున్న కూతురు, అదీ ఇప్పుడు కథ మొదలయ్యే చోటు. 2015 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ ఉన్నదున్నట్టే రాసింది, హెరాయిన్ మీద యుద్ధం కాస్త మెత్తగా ఉండాలని తెల్ల కుటుంబాలు కోరుతున్నాయని. పక్క సంవత్సరం ప్రెసిడెంటు పదవికి పోటీలో ఉన్నవాళ్ళు న్యూ హాంప్‌షైర్ సభల్లో తమ ఇళ్ళల్లోకే వచ్చిన ఈ వ్యసనం గురించి చెప్పుకున్నారు. 2017లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, ఏ మాట ఎలా రాయాలో రిపోర్టర్లకు చెప్పే తన స్టైల్‌బుక్‌లో మనుషుల్ని ‘ఎడిక్ట్’ అని పిలవకండని రాసింది, వ్యసనం ఉన్న మనిషి అనమంది. మంచి మార్పే, కాదనేదేముంది. మన పేపర్లు చూడండి, ‘గంజాయి బ్యాచ్ హల్‌చల్’ అని అచ్చు గుద్దినట్టు ఇప్పటికీ అదే హెడ్డింగు. బ్యాచ్ అన్నాక మనిషి ఎక్కడ కనిపిస్తాడు?

ఆ మెత్తదనం వల్ల మంచి జర్నలిజమూ పుట్టింది. 2017 జులైలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటి ఎన్‌క్వైరర్ పేపరు తన రిపోర్టర్లనీ ఫొటోగ్రాఫర్లనీ, అరవై మందికి పైగా, ఒక్క వారం పాటు ఊళ్ళోకి వదిలింది. కోర్టు, అంబులెన్సు, జైలు, ప్రసూతి వార్డు, ఎక్కడ హెరాయిన్ కనబడితే అక్కడ. అసాధారణమైన వారమేం కాదది, మామూలు వారమే. అందులో 18 మంది పోయారు, కనీసం 180 ఓవర్‌డోస్‌లు. దానికి పక్కనే పెట్టి చూడాల్సిన బొమ్మ ఇంకొకటుంది: అంతకు పది నెలల ముందు అదే ఒహాయోలో, ఈస్ట్ లివర్‌పూల్ అనే చిన్న ఊళ్ళో, కారు ముందు సీట్లలో స్పృహ తప్పి పడున్న ఇద్దరినీ వెనక సీట్లో కూర్చున్న నాలుగేళ్ళ పిల్లవాడినీ ఫొటో తీసి, ఊరి అధికారులే ఫేస్‌బుక్‌లో పెట్టారు. పిల్లవాడి మొహం కూడా దాచలేదు. దేశమంతా ఆ ఫొటో వేసింది. జనాన్ని మేల్కొలపడానికే అన్నారు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తన పేరు కొడితే ఏం కనిపిస్తుందో అన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

జాలి కథలకూ క్రైమ్ కథలకూ ఒక పోలిక ఉంది, రెండూ మింగినవాడినే చూస్తాయి. పంపినవాడిని చూసింది ఎక్కువగా ఓ చిన్న పేపరు. వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్ గజెట్-మెయిల్, అందులో ఎరిక్ ఐర్ అనే రిపోర్టర్. మాత్రలు ఫ్యాక్టరీ నుంచి మందుల షాపుకి నేరుగా రావు, మధ్యలో టోకు పంపిణీ కంపెనీలుంటాయి. ఎవరికి ఎన్ని పంపామన్నది వాళ్ళు మత్తుమందుల మీద నిఘా పెట్టే ఫెడరల్ ఏజెన్సీ డీఈఏకి లెక్క చెప్పాలి. అంటే ఏ ఊరికి ఎన్ని మాత్రలు వెళ్ళాయో సర్కారు కంప్యూటర్లో మొదటినుంచీ ఉంది. పేపరు కోర్టుకెక్కి, రికార్డుల కోసం వెంటపడి, ఆ లెక్కలు సంపాదించి 2016 డిసెంబరులో అచ్చేసింది. ఆరేళ్ళలో ఆ చిన్న రాష్ట్రానికి 78 కోట్ల నొప్పి మాత్రలు. పసిపిల్లలతో సహా తలకి 433. అదే కాలంలో ఆ మందుల ఓవర్‌డోస్‌తో పోయినవాళ్ళు 1,728 మంది.

కెర్మిట్ అని ఓ ఊరుంది అందులో. జనాభా 392. ఆ ఊళ్ళో ఒక్క మందుల షాపుకి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల మాత్రలు వచ్చాయి. వేలు మడిచి లెక్కేసినా మనిషికి రోజుకి ముప్పైకి పైగా పడతాయి. బయటి ఊళ్ళ నుంచి కార్లలో వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు తప్ప ఇంకో అర్థం లేదు దానికి. ఆ లారీ దించినవాడికి తెలుసు, బిల్లు వేసినవాడికి తెలుసు, లెక్క అందుకున్న ఏజెన్సీకి తెలుసు. తెలియంది పేపరు చదివేవాడికే. ఐర్‌కి 2017లో పులిట్జర్ వచ్చింది. 2018 జనవరిలో ఆ పేపరు దివాలా పిటిషన్ వేసింది, తర్వాత వేరేవాళ్ళు కొన్నారు. కొన్న హెచ్‌డీ మీడియా, వాషింగ్టన్ పోస్ట్‌తో కలిసి దేశం మొత్తం లెక్కల కోసం ఏడాది పాటు కోర్టులో పోరాడింది. 2019లో బయటికొచ్చిన అంకె, 2006 నుంచి 2012 దాకా 7,600 కోట్ల మాత్రలు. రాష్ట్రాలూ ఊళ్ళూ కంపెనీల మీద వేసిన దావాల్లో ఈ లెక్కలే వెన్నెముక. అమెరికాలో ఇలాంటి ఊరి పేపర్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, కాబట్టి రేపటి కెర్మిట్ లెక్క ఎవరు అడుగుతారన్నది ఊరికే వేసే ప్రశ్న కాదు.

తర్వాత ఫెంటనిల్ వచ్చింది. 2021లో ఓవర్‌డోస్ చావులు దేశంలో 1,06,000 దాటాయి, ఎక్కువ భాగం దీనివల్లే. వార్త మళ్ళీ చప్పుడు లేకుండా క్రైమ్ పేజీలోకి జరిగింది, దానితో పాటు పాత రోగాలన్నీ తిరిగొచ్చాయి. ఫెంటనిల్ ముట్టుకున్నాడని పోలీసు కుప్పకూలిన వీడియోలు టీవీల్లో ఎడతెరిపి లేకుండా నడిచాయి. చర్మానికి తగిలినంత మాత్రాన అలా ఓవర్‌డోస్ అయ్యే అవకాశం చాలా తక్కువని విషవైద్య నిపుణుల సంఘాలు 2017లోనే ప్రకటించాయి. ఆ ప్రకటన ఒక్క ఫోన్ దూరంలో ఉంది, కానీ ఫోన్ వెళ్ళింది పోలీసు ఆఫీసుకి, వీడియో వచ్చిందీ అక్కణ్ణుంచే. ఇలాంటి భయం వల్ల, పడిపోయిన మనిషిని లేపడానికి పక్కనున్నవాడు చెయ్యి వేయడానికే జంకుతాడు. 2022లో రంగురంగుల ఫెంటనిల్ మాత్రల మీద డీఈఏ హెచ్చరిక వచ్చింది, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే హాలోవీన్ పండగ నాటికి అది పిల్లల చాక్లెట్లలో కలిపేస్తారట అన్న టెన్షన్‌గా మారింది. అమ్ముకునేవాడు ఖరీదైన సరుకును డబ్బుల్లేని పిల్లలకి ఉచితంగా ఎందుకు పంచుతాడని అడిగిన యాంకర్లు తక్కువ. ఇక సరిహద్దు సంగతి, దొంగచాటుగా దాటి వచ్చేవాళ్ళే ఇదంతా తెస్తున్నారని రాత్రి చర్చల్లో మోగిపోతుంటుంది. 2021లో ఫెంటనిల్ రవాణా కేసుల్లో శిక్షపడ్డవాళ్ళలో 86 శాతం అమెరికా పౌరులే.

మెత్తబడిన కాలంలో కూడా ఆ మెత్తదనం అందరికీ అందలేదు. ఓపియాయిడ్ సంక్షోభం, అంటే ఈ నల్లమందు జాతి మందుల సంక్షోభం, తెల్లవాళ్ళ సంక్షోభం అని కథ స్థిరపడిపోయాక, నల్లజాతివాళ్ళ చావులు లెక్కల్లో పెరుగుతున్నా వార్తల్లోకి రాలేదు. 2020లో వాళ్ళ ఓవర్‌డోస్ మరణాల రేటు తెల్లవాళ్ళ రేటును దాటేసింది. దాటిన సంగతి చాలామంది ఎడిటర్లకి ఆలస్యంగా తెలిసింది, ఎందుకంటే వాళ్ళ ఫైల్లో ఉన్న ఫొటోలన్నీ కొండ ఊళ్ళవీ సబర్బులవీ.

బాల్టిమోర్‌లో 2022లో మొదలైన బ్యానర్ అనే లాభాపేక్ష లేని పత్రిక, న్యూయార్క్ టైమ్స్‌తో కలిసి 2024లో ఈ లెక్క తీసింది. శవపరీక్ష రికార్డుల కోసం దానికీ కోర్టు మెట్లు ఎక్కక తప్పలేదు. ఆరేళ్ళలో ఆ ఒక్క నగరంలో దాదాపు 6,000 మంది పోయారు, అమెరికాలో ఏ పెద్ద నగరంలోనూ చూడని రేటు. అందులో అందరికంటే ఎక్కువగా పోతున్నది కుర్రాళ్ళు కాదు. యాభై అయిదు నుంచి డెబ్బై పైబడ్డ నల్లజాతి మగవాళ్ళు, జనాభాలో 7 శాతం, చావుల్లో దాదాపు 30 శాతం. 1951కీ 1970కీ మధ్య పుట్టిన తరం అది. బుష్ టీవీలో ఆ సంచి ఎత్తిన రాత్రికి వాళ్ళ వయసు పంతొమ్మిది నుంచి ముప్పై ఎనిమిది. ఇప్పుడు వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళ కోసం కట్టిన సబ్సిడీ అపార్ట్‌మెంట్లలో, ఒంటరిగా, తలుపు లోపల గడియ పెట్టుకుని పోతున్నారు. పక్క ఫ్లాటువాళ్ళు చాలాసార్లు గుండెపోటనే అనుకున్నారు.